కరోకే బృందంలో మీ పాట మీలాగే పాడాలంటే, పక్కవాళ్లను నొప్పించకుండా

“ఒరిజినల్‌లో ఉన్నట్టే పాడాలా, నా ధోరణిలో పాడుకోవచ్చా?”

“డ్యూయెట్‌లో ఆయన నా లైన్లు కూడా పాడేస్తున్నారు, ఎలా చెప్పాలి?”

“నేను అడిగిన పాట ఇంకొకరికి ఇచ్చేశారు, ఇదేం పద్ధతి?”

హైదరాబాద్‌లో కరోకే బృందాల్లో కొత్తగా చేరినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మొదలుకొని కూకట్‌పల్లి, వనస్థలిపురం అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌ల దాకా ఎక్కడికెళ్లినా ఇవే. అందుకే అన్నిటికీ ఒకచోట జవాబు రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పాట నడిచే ఆ నాలుగు నిమిషాలూ ఎలా పాడతారన్నది మీ ఇష్టం. అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. ఆ నాలుగు నిమిషాలకు ముందు, తర్వాత, పక్కన ఉన్నదంతా అందరిదీ. బృందాల్లో వచ్చే తగాదాలు చాలావరకు సంగీతం గురించి కావు. సమయం, మైకు, డ్యూయెట్ జోడీ, అడగని సలహా: ఈ నాలుగింటి దగ్గరే మాటా మాటా పెరుగుతుంది. మన బృందాల్లో ఎక్కువమంది చిన్నప్పుడు బాగా పాడి, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య పాట మానేసి, రిటైరయ్యాక మళ్లీ మైకు పట్టినవాళ్లు. వాళ్లకు ఆ ఒక్క పాట ఎంత ముఖ్యమో గుర్తుంటే కింద చెప్పినవన్నీ తేలిగ్గా పాటించగలరు.

కావలసినవి

- మీ శ్రుతికి సరిపోయిన ట్రాక్, అంటే గాయకుల గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న పాట. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. ఫైలు పేరులో మీ పేరు, పాట మొదటి మాటలు, స్కేలు (మీరు పాడే శ్రుతి) రాయండి. “ట్రాక్ ఫైనల్ కొత్తది” అని పేరు పెడితే సౌండ్ ఆయన వెతుక్కునేలోపు హాలంతా ఎదురుచూడాలి.
- సాహిత్యం పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం, లేదా ట్యాబ్. ఫోన్‌లో చూసి పాడేవాళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టాల్సిందే. చరణం మధ్యలో కాల్ వస్తే సాహిత్యం కనపడదు.
- పాట నిడివి, నిమిషాలు సెకన్లతో సహా.
- వైరున్న ఇయర్‌ఫోన్. యాప్‌లో రికార్డు చేసుకునేటప్పుడు బ్లూటూత్ అయితే శబ్దం ఒక పిసరు ఆలస్యంగా వస్తుంది, మీ తాళం మీకే తప్పుగా వినిపిస్తుంది.
- డ్యూయెట్ అయితే ఎవరి లైన్లు ఎవరివో రాసుకున్న కాగితం, రెండు ప్రతులు.

1. పాట అడిగే ముందు జాబితా చూడండి

ఎవరెవరు ఏ పాట అడిగారో నిర్వాహకుల జాబితాలో చూసి, ఒక్క పాట కాదు, మీకు ఇష్టమైన వరుసలో మూడు పాటలు రాసి ఇవ్వండి. ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతి, డిసెంబర్ 4న జయంతి. జూన్ 4న బాలు జయంతి, సెప్టెంబర్ 25న వర్ధంతి. జూలై 31న రఫీ వర్ధంతి. ఈ తేదీల చుట్టూ జరిగే కార్యక్రమాల్లో అందరూ అవే కొన్ని పాటలకు పోటీ పడతారు. ఇద్దరూ ఒకే పాట అడిగితే, కిందటిసారి దాన్ని పాడినవాళ్లు తప్పుకోవడం మంచి పద్ధతి. ఇద్దరూ ఎప్పుడూ పాడకపోతే ముందు అడిగినవాళ్లకే ఇవ్వాలి. “ఆ పాట నాకంటే బాగా ఎవరూ పాడలేరు” అన్నది నిజమే అయినా వాదన కాదు.

లెక్క ఒకటి చూడండి. హాలు మూడు గంటలకు తీసుకుంటే 180 నిమిషాలు. మైకులు సరిచూసుకోవడం, దీపం, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా కలిపి అరగంట తీసేయండి. మిగిలేది 150. పాటకు నాలుగున్నర నిమిషాలు, మనిషి మారడానికి ఒక నిమిషం అనుకుంటే 27 పాటలు పడతాయి. ఒక్కొక్కరూ రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే 20 పాటలతో సమయం అయిపోతుంది. అంటే ఏడుగురు హాలు ఖర్చుకు తమ వాటా కట్టి, పాడకుండానే ఇంటికెళ్తారు. వాళ్లు ఎప్పుడూ జాబితా చివర్లో ఉన్నవాళ్లే, తరచుగా కొత్తవాళ్లే.

2. శ్రుతి ఇంట్లోనే తేల్చుకోండి

చాలామంది పల్లవి పాడి చూసి స్కేలు ఖాయం చేసేస్తారు. పల్లవి మధ్యస్థాయిలో ఉంటుంది, అందరికీ అందుతుంది. పరీక్ష చరణంలో ఉంటుంది. చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే మాట, అన్నిటికంటే కిందికి దిగే మాట వెతికి, ఆ రెండూ ట్రాక్ మీద పాడి చూడండి. పైమాట దగ్గర మెడ నరాలు బిగుస్తుంటే ఒక మెట్టు తగ్గించండి. ఒక మెట్టు అంటే అర స్వరం, యాప్‌లో మైనస్ ఒకటి. కిందిమాట గాలిలా మిగిలిపోతుంటే ఒక మెట్టు పెంచండి.

మగవాళ్లు పాడిన పాట ఆడవాళ్లు, ఆడవాళ్లు పాడిన పాట మగవాళ్లు పాడేటప్పుడు సాధారణంగా నాలుగైదు మెట్లు మార్చాల్సి వస్తుంది. అన్ని మెట్లు యాప్‌తో మారిస్తే వీణ, వయొలిన్‌ల ధ్వని సహజంగా వినపడదు. మూడు మెట్లు దాటితే, వేరే స్కేల్లో వాయించిన ట్రాక్ దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే పాట మార్చుకోవడమే మేలు.

స్టేజీ మీదికి వెళ్లాక “సార్, ఒక్క మెట్టు తగ్గించండి, ఇంకొంచెం, కాదు పెంచండి” అనడం అన్నిటికంటే పెద్ద ఇబ్బంది. ఆ వెతుకులాట మీ తర్వాతివాళ్ల సమయంలోంచి పోతుంది.

3. మీ ముద్ర ఎక్కడ వేయాలో గుర్తించండి

కాగితం మీద పాట రాసుకుని రెండు రంగుల పెన్నులు తీసుకోండి.

మొదటి రంగుతో మీ స్వేచ్ఛ ఉన్న చోట్లు గుర్తించండి. మొదట్లో వచ్చే ఆలాపన, లైను చివర సాగే దీర్ఘం, పల్లవి ఆఖరిసారి తిరిగి వచ్చినప్పుడు వేసే సంగతి (అదే లైనును కొంచెం మార్చి, అల్లి పాడటం), ఊపిరి తీసుకునే చోటు, ఏ మాటను ఒత్తి పలకాలి, ఏ మాటను మెత్తగా వదలాలి అన్నది. ఇక్కడ మీరేం చేసినా అది మీ పాటే. ఒకే పాట ఒకరు బాధగా, ఒకరు ధీమాగా పాడొచ్చు, రెండూ ఒప్పే. “ఘంటసాల ఇలా పాడలేదండీ” అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

రెండో రంగుతో కదపకూడని చోట్లు. చరణం ఎత్తుకునే చోటు, జోడీ అందుకునే చోటు, కోరస్ వచ్చే చోటు, సాహిత్యం. ట్రాక్ మీకోసం ఆగదు. సంగతి వేయాలనిపిస్తే వేయండి, కానీ తాళం మొదటి దెబ్బకు తిరిగి రాగలరో లేదో ఇంట్లో చూసుకుని వేయండి. ఒక సంగతి వరుసగా కొన్నిసార్లు తప్పకుండా వచ్చాకే స్టేజీకి తీసుకెళ్లండి.

సాహిత్యంలో ముఖ్య అతిథి పేరు, పార్టీ పేరు, మీ అబ్బాయి పేరు ఇరికించకండి. అది రాసిన కవికి అవమానం. హాల్లో ఆ పేరు గిట్టనివాళ్లూ ఉంటారు, వాళ్లూ పాట వినడానికే వచ్చారు.

అచ్చంగా ఘంటసాల గొంతులోనే, బాలు నవ్వుతోనే పాడాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. ఆ అభిమానాన్ని తక్కువ చేసి “మీ సొంత గొంతు లేదా?” అనకండి. ఏళ్లతరబడి విని విని ఒంటబట్టించుకున్న గొంతు అది.

ఉచ్చారణ సంగతి విడిగా చెప్పాలి. మన ఊళ్లో బృందాల్లో ఉర్దూ, మరాఠీ, తమిళం, కన్నడం ఇంటిభాషగా ఉన్నవాళ్లు తెలుగు పాట పాడతారు. మనవాళ్లు రఫీ పాటలు పాడతారు. రఫీ కూడా తెలుగులో పాడిన మనిషే కదా. ఒక కార్యక్రమంలో ఉర్దూ మాట్లాడే పెద్దాయన తన వంతుకు ముందు పక్కన కూర్చున్నావిడకు కాగితం చూపించి, “అమ్మా, ఇది ల ఆ, ళ ఆ?” అని అడిగారు. ఆవిడ పెన్సిల్ తీసుకుని ళ ఉన్న ప్రతి మాట చుట్టూ సున్నా చుట్టి, నాలుక మడిచి పలికి చూపించారు. ఆయన మెల్లగా పలుకుతూ స్టేజీ ఎక్కారు. కొంతసేపటికి ఆవిడ తన హిందీ పాట కాగితం తెచ్చి, ‘జ’ ఎక్కడ మామూలుగా పలకాలో, ఎక్కడ పళ్ల మధ్య గాలి వదులుతూ పలకాలో ఆయన్ని అడిగి గుర్తు పెట్టుకున్నారు. సాయం ఇలా ముందే, పక్కనే, అడిగినప్పుడు జరగాలి. పాట అయ్యాక అందరి ముందూ “ళ పలకలేదు” అనడం సాయం కాదు.

4. డ్యూయెట్‌కు ముందు రెండు విషయాలు అడగండి

మొదటిది: ఈ పాట నాతో పాడటం మీకు ఇష్టమేనా? ప్రేమగీతం, చిలిపి పాట అయితే తప్పకుండా అడగాలి. అవతలివాళ్లు “వేరే పాట పాడదామండీ” అంటే కారణం అడగకండి, బతిమాలకండి. రెండోది: వీడియో తీసి ఎక్కడైనా పెట్టొచ్చా? ఆవిడకు పాడటం ఇష్టమై, బంధువులందరికీ వీడియో వెళ్లడం ఇష్టం లేకపోవచ్చు. స్టేజీ మీద చేయి పట్టుకోవడం, భుజం మీద చేయి వేయడం లాంటి నటన ముందు అనుకోకుండా చేయకండి.

తర్వాత కాగితం మీద లైన్లు పంచుకోండి. హమ్మింగ్ ఎవరిది, ఇద్దరూ కలిసి పాడే లైనులో పైస్థాయి ఎవరిది, చివరి పల్లవి ఎవరు ముగిస్తారు అన్నవి తేల్చుకోండి. ట్రాక్‌తో కనీసం రెండుసార్లు కలిసి పాడండి. కలవడం కుదరకపోతే మీ లైన్లు మాత్రమే రికార్డు చేసి జోడీకి పంపండి, ఆ ఖాళీల్లో ఆవిడ పాడి చూసుకుంటారు. స్కేలు ఇద్దరికీ ఒక మెట్టు అటూ ఇటూ ఇబ్బందిగా ఉండేలా పెట్టుకోండి. ఒకరికి హాయిగా, ఇంకొకరికి గొంతు చిరిగేలా పెట్టకండి.

జోడీ లైను మరిచిపోతే? వెంటనే మీరు అందుకోకండి. కళ్లతో సైగ చేయండి, లేదా పెదవులతో మొదటి మాట అందించండి. ఆ లైను పూర్తిగా పోతే తర్వాతి లైను నుంచి మీరు ఎత్తుకోండి. పాట అయ్యాక “మీరు మరిచిపోయారు కాబట్టి నేను పాడాను” అని మైకులో చెప్పొద్దు.

మీ లైన్లు ఆయన పాడేస్తుంటే ఆ కాగితం పనికొస్తుంది. “సార్, మనం పంచుకున్న ప్రకారం రెండో చరణం మొదటి రెండు లైన్లు నావి, ఈసారి అవి నేనే పాడతాను” అని రిహార్సల్లోనే చెప్పండి. ఆయన పెద్దవారు కావచ్చు, సీనియర్ కావచ్చు. మర్యాదగా చెప్పండి, కానీ చెప్పండి. అయినా మారకపోతే తర్వాతిసారి సోలో అడగండి.

5. మైకు అందరిదీ

మూతికి రెండు మూడు వేళ్ల దూరంలో పట్టుకోండి. పైస్థాయికి వెళ్లేటప్పుడు కొంచెం వెనక్కి తీయండి. మైకు తల దగ్గరి జాలీని గుప్పిట్లో మూయకండి, మానిటర్ (పాడేవాళ్లకు వినపడేందుకు స్టేజీ మీద పెట్టే స్పీకర్) వైపు మైకు వంచకండి. కూత వస్తుంది, ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్ల చెవులకు తగిలేది ఆ కూతే. పని చేస్తోందా అని ఊదకండి, తట్టకండి. “హలో” అంటే చాలు.

ఎకో ఎంత కావాలో సౌండ్ ఆయనకు మీ వంతుకు ముందే వెళ్లి చెప్పండి. పాట మధ్యలో “ఎకో పెంచండి, ఎకో!” అని మైకులో అంటే ఆయన్ని నలుగురిలో నిలబెట్టినట్టే. ఎకో ఎక్కువైతే మాట కూడా చెదిరిపోతుంది.

6. ముందుమాట అర నిమిషం

రాసినవారు, స్వరపరిచినవారు, పాడినవారు, పాట పేరు. ఇవి తప్పుల్లేకుండా చెబితే చాలు, అర నిమిషం పట్టదు. ఈ పాటతో మీకున్న అనుబంధం చెప్పాలనిపిస్తే ఒక్క వాక్యం. ఎక్కువ చెప్పాల్సింది ఉంటే టీ దగ్గర చెప్పండి, అక్కడ వినేవాళ్లు నిజంగా వింటారు. ఫొటోలు, సెల్ఫీలు స్టేజీ దిగాక.

7. కూర్చుని వినండి

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తమ పాట అయిపోగానే చప్పట్లు అందుకుని, బ్యాగు తీసుకుని వెళ్లిపోతారు. ఆఖరి ముగ్గురు పాడేసరికి హాల్లో సౌండ్ ఆయన, నిర్వాహకుడు, ఖాళీ కుర్చీలు మిగులుతాయి. ఆ ముగ్గురూ కూడా ఇంట్లో వారాల తరబడి సాధన చేసి వచ్చినవాళ్లే. త్వరగా వెళ్లాల్సిన పనుంటే ముందే చెప్పి జాబితా మొదట్లోనే పాడండి, తర్వాత కనీసం ఐదు పాటలైనా వినండి. ఆఖర్లో ఎవరు పాడాలన్నది ప్రతిసారీ మార్చమని నిర్వాహకులను అడగండి.

వినేటప్పుడు ముందు వరుసలో కూర్చుని గట్టిగా కలిసి పాడకండి. తాళానికి చప్పట్లు కొట్టాలనిపిస్తే జాగ్రత్త. హాలు చప్పట్లు తరచూ వెనకబడతాయి, స్టేజీ మీద కొత్తవాళ్లు వాటిని విని తాళం తప్పుతారు.

8. తప్పు చెప్పాలా వద్దా

అడగనిదే చెప్పకండి. అడిగితే ఆ రోజు కాకుండా మర్నాడు, విడిగా, ఒక్క విషయం మాత్రమే చెప్పండి. “శ్రుతి లేదండీ” అంటే ఎవరికీ ఏమీ తెలియదు, మనసు మాత్రం నొచ్చుకుంటుంది. “రెండో చరణానికి ముందు వాద్యాలు మాత్రమే వినిపించే బిట్‌లో, వేణువు అయిపోగానే ఎత్తుకుంటున్నారు. ఆ తర్వాత తబలా ఒక దెబ్బ ఉంది, దాని మీద ఎత్తుకుంటే సరిగ్గా పడుతుంది” అంటే రేపే సరిచేసుకోగలరు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టాలి. ఎదుటివాళ్లకు స్వరస్థానాల పేర్లు తెలియకపోవచ్చు, పాట మీద ప్రేమ మీకెంతో వాళ్లకూ అంతే.

అడగకుండా మీకే ఎవరైనా చెబితే, “సరేనండి, రికార్డింగ్ విని చూస్తాను” అనండి. అక్కడితో ఆపండి. విన్నాక నిజమనిపిస్తే మార్చుకోండి, లేకపోతే మీలాగే పాడండి.

9. ఇంట్లో సాధన

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కింద లెక్క. ఆ వేళల్లో ఆడిటోరియం లాంటి మూసిన చోట్ల లోపలివాళ్ల కోసం తప్ప లౌడ్‌స్పీకర్ వాడకూడదు. అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో కరోకే స్పీకర్ పెట్టి, మైకు పట్టుకుని పాడితే 55 దాటడం ఎంతసేపు? ట్రాక్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో వింటూ, మైకు లేకుండా పాడండి. గొంతు తప్పులు మైకు లేనప్పుడే బాగా తెలుస్తాయి. మార్చిలో పక్క ఫ్లాట్‌లో పరీక్షలు రాసే పిల్లలుంటే వేళ అడిగి పాడుకోండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

మీ పాట రికార్డింగ్ అదే రాత్రి వినకండి. ఉత్సాహంలో అన్నీ బాగున్నట్టో, దిగులులో అన్నీ తప్పులున్నట్టో వినిపిస్తాయి. రెండు మూడు రోజులాగి, సాహిత్యం కాగితం ముందు పెట్టుకుని వినండి. మొదటి రంగు గుర్తుల దగ్గర మీరు అనుకున్నది వినిపించిందా? రెండో రంగు గుర్తుల దగ్గర ఎక్కడైనా జారారా? జారిన చోట పెన్నుతో ఇంకో గీత గీయండి. తర్వాతి సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి, పాట మొదటి నుంచి కాదు.

మీరు స్టేజీ ఎక్కినప్పటి నుంచి దిగేవరకు ఎంతసేపు పట్టిందో వీడియోలో చూడండి. పాట నిడివి తీసేస్తే మిగిలేది నిమిషంన్నర దాటకూడదు.

జోడీ విషయం అడిగి తెలుసుకోనక్కర్లేదు. ఆవిడో, ఆయనో ఇంకో పాటకు మిమ్మల్ని మళ్లీ పిలిస్తే అంతా సవ్యంగా జరిగినట్టు. రెండు మూడు కార్యక్రమాలు గడిచినా పిలవకపోతే, ఆ డ్యూయెట్ రికార్డింగ్ ఒకసారి మీ గొంతు కాకుండా వాళ్ల గొంతు మీదే దృష్టి పెట్టి వినండి. వాళ్ల లైన్ల మీద మీ హమ్మింగ్ ఎక్కడెక్కడ పడిందో లెక్కపెట్టండి. పడి ఉంటే ఫోన్ చేసి ఆ మాట చెప్పి, ఈసారి పాట వాళ్లనే ఎంచుకోమనండి.